ఊక, గడ్డి, చెరకు పిప్పి: గని నీటిని ఇవి నిజంగా శుభ్రం చేయగలవా?

కొత్తచిగురు | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను పర్యావరణ శాస్త్రంలో ఎమ్మెస్సీ చివరి సంవత్సరం చదువుతున్నాను. వరి ఊకతో నీటిలోని రాగిని తొలగించడం నా ప్రాజెక్టు. ఊకను కడిగి, ఎండబెట్టి, జల్లెడ పట్టి, లీటరుకు 50 మిల్లీగ్రాముల రాగి కలిపిన నీటిలో వేసి రెండు గంటలు కుదిపాను. పీహెచ్ (ఆమ్లత్వపు కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 3 దగ్గర దాదాపు ఏమీ జరగలేదు. 5 దగ్గర సగం రాగి తగ్గింది. 7 దగ్గర 98 శాతం పోయింది. ఆ అంకె చూసిన రాత్రి సంతోషంతో నాకు నిద్ర పట్టలేదు.

మూతపడిన గనుల నుంచి తుప్పు రంగులో పారే వాగుల ఫోటోలు చూసి ఈ అంశం ఎంచుకున్నాను. ఒకవైపు పొలాల్లో తగలబెట్టే గడ్డి, మిల్లుల దగ్గర కొండలా పేరుకునే ఊక. ఇంకోవైపు చేప బతకని నీళ్లు. ఈ రెంటినీ ఒకచోట చేరిస్తే రెండు కష్టాలూ తీరతాయి కదా అనిపిస్తోంది. మరి ఇన్ని దశాబ్దాలుగా ఇన్ని ప్రయోగాలు జరిగినా, గనుల దగ్గర ఊకతో నడిచే శుద్ధి కేంద్రాలు ఎందుకు కనబడవు? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

గాజుకుప్పె | సోమవారం, రాత్రి 10:25

మంచి ప్రశ్న అడిగారు. నేను పదిహేనేళ్లుగా ప్రయోగశాలలో ఇదే పని చేస్తున్నాను, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ఊక, చెరకు పిప్పి, కొబ్బరి పీచు, వేరుశనగ తొక్కలు, రంపపు పొట్టు అన్నీ సెల్యులోజ్, హెమిసెల్యులోజ్, లిగ్నిన్‌లతో కట్టిన గోడలే. నారింజ, నిమ్మ తొక్కల్లో పెక్టిన్ కూడా దండిగా ఉంటుంది. ఈ గోడల మీద కార్బాక్సిల్, హైడ్రాక్సిల్, ఫినాల్ సమూహాలు ఉంటాయి. నీటిలోని లోహ అయాన్ ధనావేశంతో వచ్చి, అక్కడ అప్పటికే ఉన్న కాల్షియం, పొటాషియం, హైడ్రోజన్ అయాన్లను నెట్టేసి ఆ చోటు ఆక్రమిస్తుంది. మనం అధిశోషణం, అంటే పదార్థం పైభాగానికి అంటుకోవడం, అని పిలుస్తున్నాం గానీ, జరిగేదాంట్లో ఎక్కువ భాగం అయాన్ల మార్పిడే. పీహెచ్ 3 దగ్గర నీటి నిండా హైడ్రోజన్ అయాన్లే కాబట్టి రాగికి చోటు దొరకలేదు. 5 దగ్గర దొరికింది. మీ మొదటి రెండు ఫలితాలు చక్కగా ఉన్నాయి, వాటిని నమ్మవచ్చు.

మూడోదాని గురించి ఒక మాట అడుగుతాను. ఊక వేయకుండా అదే నీటిని పీహెచ్ 7 దగ్గర రెండు గంటలు కుదిపి, వడపోసి కొలిచారా? కొలవకపోతే రేపు ఉదయం మొట్టమొదట చేయాల్సిన పని అదే.

సున్నపురాయి | మంగళవారం, ఉదయం 6:50

నేను గని నీటి శుద్ధి చెరువుల దగ్గర ఇరవై ఏళ్లకు పైగా పని చేసిన ఇంజినీరును. చిగురు గారు ప్రయోగశాలలో వాడిన నీటికీ గని నోటి నుంచి వచ్చే నీటికీ పోలిక చాలా తక్కువ. ముందు ఆ నీరు ఎలా పుడుతుందో చూద్దాం.

రాతిలో ఇనుము, గంధకం కలిసిన పైరైట్ ఉంటుంది. భూమి లోపల గాలి తగలనంత కాలం దాని మానాన అది పడి ఉంటుంది. తవ్వి బయట పోశాక గాలి, నీరు తగిలి సల్ఫ్యూరిక్ ఆమ్లం, కరిగిన ఇనుము పుడతాయి. ఆ ఇనుము మరింత ఆక్సీకరణం చెంది, తిరిగి వెళ్లి మిగిలిన పైరైట్‌నే కొరుకుతుంది. ఈ పనిని వేగంగా నడిపించే బాక్టీరియాను బొగ్గు గని నీటిలో 1947లో గుర్తించారు. ఇప్పుడు దాన్ని ఆసిడిథయోబాసిలస్ ఫెర్రోఆక్సిడాన్స్ అంటున్నాం. అది ఉంటే ఇనుము ఆక్సీకరణం లక్షల రెట్లు వేగం పుంజుకుంటుంది. పుట్టిన ఆమ్లం చుట్టుపక్కల రాళ్లలోని రాగి, జింక్, కాడ్మియం, సీసం, అల్యూమినియం, మాంగనీస్‌లను కరిగించి మోసుకొస్తుంది.

ఇది ఎంత దూరం పోగలదో చూడండి. కాలిఫోర్నియాలోని ఐరన్ మౌంటెన్ గని లోపల మైనస్ 3.6 పీహెచ్ నమోదైంది. పీహెచ్‌కు మైనస్ విలువ ఉండదని బడిలో విన్నవారికి ఇది నమ్మశక్యం కాదు. స్పెయిన్‌లోని రియో టింటో నది పీహెచ్ 2 చుట్టుపక్కల పారుతుంది. మోంటానాలోని బర్క్‌లీ పిట్‌లో 1982లో నీటిని తోడే పంపులు ఆపేశారు. ఆ గుంట ఆమ్ల నీటితో నిండుతూ వచ్చింది. 1995లో దానిపై వాలిన వలస పెద్దబాతులు (స్నో గీస్) వందల సంఖ్యలో చనిపోయాయి.

గని మూసేసి మనుషులు వెళ్లిపోయాక కూడా నీరు వస్తూనే ఉంటుంది. దశాబ్దాలు, ఒక్కోచోట శతాబ్దాలు. కాబట్టి ఏ పద్ధతినైనా నేను అడిగే మొదటి ప్రశ్న "ఎంత శాతం తీసింది" కాదు. "రోజుకు ఎంత బరువు తీస్తుంది, ఎన్నేళ్లు తీస్తుంది" అని అడుగుతాను.

కొత్తచిగురు | మంగళవారం, సాయంత్రం 5:15

గాజుకుప్పె గారూ, మీరు చెప్పినట్టే చేశాను. ఊక లేకుండా, పీహెచ్ 7 దగ్గర కుదిపి వడపోశాను. వడపోత కాగితం మీద లేత నీలం రంగు పొర మిగిలింది. నీటిలో రాగి దాదాపు లేదు.

అంటే ఊక చేసిందేమీ లేదు. పీహెచ్ పెంచడానికి నేను కలిపిన సోడియం హైడ్రాక్సైడే రాగిని హైడ్రాక్సైడ్‌గా దించేసింది. 98 శాతం అని ప్రాజెక్టు సారాంశంలో ఇప్పటికే రాసేశాను. మార్చాలి.

గాజుకుప్పె | మంగళవారం, సాయంత్రం 6:02

మార్చండి, కానీ కుంగిపోవద్దు. అచ్చయిన వ్యాసాల్లో కూడా ఈ పొరపాటు ఎన్నోసార్లు చూశాను. అధిశోషణానికి అనువైన పీహెచ్ 7 అనో 8 అనో రాసి ఉంటే, ఖాళీ సీసా (ఊక వేయకుండా అదే నీటిని కుదిపిన సీసా) ఫలితం ఎక్కడుందా అని వెతకడం నాకు అలవాటైపోయింది. రాగి, సీసం విషయంలో 5కు అటూ ఇటూగా చేసిన ప్రయోగాలే నేను లెక్కలోకి తీసుకుంటాను. మీ పీహెచ్ 5 ఫలితం ఊకదే. దాన్ని పట్టుకోండి.

సున్నపురాయి | మంగళవారం, రాత్రి 8:30

సరే, ఊకకు న్యాయం చేస్తూ ఒక లెక్క వేద్దాం. చిన్న ఊట తీసుకుందాం, సెకనుకు ఒక లీటరు. రోజుకు 86,400 లీటర్లు. లీటరుకు జింక్ 10 మిల్లీగ్రాములు, ఇనుము 200 మిల్లీగ్రాములు అనుకుందాం. లోహపు గనుల దగ్గర ఇవి అసాధారణమైన అంకెలు కావు.

జింక్ రోజుకు 864 గ్రాములు. శుద్ధి చేయని ఊక అసలైన నీటిలో గ్రాముకు 5 మిల్లీగ్రాములు పట్టిందనుకుంటే రోజుకు 173 కిలోల ఊక కావాలి. ఏడాదికి 63 టన్నులు. ఊక తేలిక కాబట్టి పరిమాణం ఇంకా పెద్దగా కనబడుతుంది. ఇక ఇనుము రోజుకు 17 కిలోలకు పైనే. దాన్నీ ఊకతోనే తీయాలంటే రోజుకు దాదాపు మూడున్నర టన్నులు పోయాలి. ఇదంతా గుక్కెడు ఊట కోసం!

ఇనుము అక్కడ ఉన్నంతసేపు జింక్‌కు ఊక మీద చోటు కూడా సరిగా దొరకదు. అందుకే ఊక కేంద్రాలు కనబడవు, చిగురు గారూ. మీ ప్రయోగం తప్పు కాదు. ఊకకు మనం అప్పగించిన పని తప్పు.

గాజుకుప్పె | మంగళవారం, రాత్రి 9:45

లెక్క సరిగ్గానే ఉంది. ముగింపుతో మాత్రం పూర్తిగా ఏకీభవించలేను.

మొదటిది, పచ్చి ఊక దగ్గరే ఆగిపోనక్కర లేదు. క్షారంతో కడిగితే మైనం, లిగ్నిన్ కొంత పోయి లోపలి సమూహాలు బయటపడతాయి. సిట్రిక్ ఆమ్లంతో వేడి చేస్తే కార్బాక్సిల్ సమూహాలు పెరుగుతాయి. పట్టే శక్తి కొన్ని రెట్లు పెరుగుతుంది. అయితే అందుకు వాడిన రసాయనాలు, కడిగిన నీళ్లు, ఖర్చు కూడా లెక్కలో చేరాలి. అవి చేరాక "చవకైన వ్యర్థం" అన్న మాట కొంత బరువు కోల్పోతుంది, ఒప్పుకుంటాను.

రెండోది, అన్ని లోహాలూ ఒకలా ప్రవర్తించవు. సీసం, రాగి గట్టిగా అంటుకుంటాయి. కాడ్మియం, జింక్ అంతకంటే వదులుగా, నికెల్ మరీ వదులుగా ఉంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటికి సూచించిన పరిమితులు చూడండి: సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము, కాడ్మియం 0.003. సున్నంతో పెద్ద మొత్తం దించేశాక మిగిలే ఆ కాస్త సీసాన్ని, రాగిని పట్టడానికి ఇలాంటి పదార్థాలు బాగా పనికొస్తాయి. ఊకను ముందు వరుసలో నిలబెడితే ఓడిపోతుంది, చివరి వరుసలో నిలబెడితే గెలుస్తుంది.

ఆర్సెనిక్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దాన్నీ ఊకతో తీస్తామనేవారు తరచూ కనబడుతుంటారు. నీటిలో ఆర్సెనేట్ ఋణావేశంతో ఉంటుంది. ఆర్సెనైట్‌కు మామూలు పీహెచ్‌లో ఆవేశమే ఉండదు. ధనావేశాన్ని పట్టే ఊకకు అవి చిక్కవు. ఊక మీదో, ఊక బొగ్గు మీదో ఇనుప ఆక్సైడ్ పూత వేస్తే చిక్కుతాయి. అప్పుడు పట్టేది ఇనుము, ఊక దాన్ని మోసే పీట మాత్రమే.

సూక్ష్మలోకం | బుధవారం, ఉదయం 7:20

మీ చర్చ మొదటి నుంచి చదువుతున్నాను. ఇద్దరూ ఊకను జల్లెడగానే చూస్తున్నారు. నేను సూక్ష్మజీవుల మీద పని చేస్తాను. నా కంటికి గడ్డి, పిప్పి, పేడ, రంపపు పొట్టు అన్నీ ఆహారమే.

సల్ఫేట్‌ను శ్వాసగా వాడుకునే బాక్టీరియా ఉన్నాయి. మనం ఆక్సిజన్ పీల్చినట్టు అవి సల్ఫేట్ పీలుస్తాయి. 1895లో డచ్ సూక్ష్మజీవ శాస్త్రవేత్త బైయరింక్ వీటిని మొదట వెలుగులోకి తెచ్చాడు. గని నీటిలో సల్ఫేట్‌కు కొదవ లేదు. లేనిది తిండి, అంటే సేంద్రియ కార్బన్. దాన్ని మనం అందించి, గాలి చొరబడకుండా చూస్తే ఈ జీవులు ఏకకాలంలో రెండు మేళ్లు చేస్తాయి. సల్ఫేట్‌ను సల్ఫైడ్‌గా మారుస్తాయి. ఆ సల్ఫైడ్ రాగి, జింక్, కాడ్మియం, సీసం, నికెల్‌లతో కలిసి నీటిలో కరగని నల్లటి అవక్షేపంగా కూర్చుంటుంది. రెండో మేలు, బైకార్బనేట్ పుడుతుంది కాబట్టి ఆమ్లత్వం తగ్గుతుంది. పైరైట్ విడిపోయినప్పుడు జరిగిన కథను వెనక్కి నడిపించడం అనవచ్చు. ఈ విద్యలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే.

సున్నపురాయి గారి ఊటనే తీసుకుందాం. రోజుకు 864 గ్రాముల జింక్ అంటే సుమారు 13 మోల్‌లు (అణువుల లెక్కకు రసాయన శాస్త్రంలో వాడే కొలత). ఒక్కో మోల్ సల్ఫేట్‌కు దాదాపు 60 గ్రాముల పిండిపదార్థం ఖర్చవుతుంది. అంటే రోజుకు 800 గ్రాములు, ఏడాదికి 290 కిలోలు. అదే జింక్‌కు జల్లెడగా వాడితే 63 టన్నులు అన్నారు. ఘనపు మీటరుకు రోజుకు 0.3 మోల్ సల్ఫేట్ మారుతుందని సాధారణంగా లెక్క వేస్తారు. ఆ ప్రకారం 44 ఘనపు మీటర్ల తొట్టి చాలు.

సున్నపురాయి | బుధవారం, మధ్యాహ్నం 1:10

> ఆ ప్రకారం 44 ఘనపు మీటర్ల తొట్టి చాలు.

చాలదండీ. ఇక్కడ నీరు తొట్టిలో ఎంతసేపు ఉంటుందో చూడాలి. రోజుకు 86 ఘనపు మీటర్ల నీరు వస్తోంది. 44 ఘనపు మీటర్ల పడకలో, అంటే తొట్టిలో నింపిన గడ్డి, ఎరువుల పొరలో, ఖాళీ చోటు సగం కూడా ఉండదు. నీరు ఐదారు గంటల్లో బయటికి వెళ్లిపోతుంది. బాక్టీరియా పని చేసి, సల్ఫైడ్ కూర్చోవడానికి కనీసం మూడు రోజులైనా ఇవ్వాలి. ఖాళీ చోటు 40 శాతం అనుకుంటే 648 ఘనపు మీటర్లు కావాలి. రెండు మీటర్ల లోతున తవ్వితే 324 చదరపు మీటర్ల చెరువు.

అంత పెద్ద పడకలో బాక్టీరియా జింక్‌కు కావలసినంత సల్ఫేట్‌ను మాత్రమే మార్చి ఊరుకోవు. ఉన్న తిండినంతా తింటూ పోతాయి. అదే వేగంతో లెక్క వేస్తే ఏడాదికి 290 కిలోలు కాదు, నాలుగు టన్నులకు పైగా పిండిపదార్థం ఖర్చవుతుంది. అయినా 63 టన్నులతో పోలిస్తే ఎంతో నయం, పైగా రోజూ దాన్ని ఎత్తి పోయనక్కర లేదు. మీ దారే సరైన దారి. అంకె మాత్రం ఇదీ.

ఇది కాగితం మీద ఆలోచన కాదు. మిస్సోరీలోని వెస్ట్ ఫోర్క్ సీసపు గని దగ్గర 1996 నుంచి పేడ ఎరువు, రంపపు పొట్టు నింపిన పడకల గుండా గని నీటిని పంపి సీసాన్ని దించారు. కెనడాలో సడ్‌బరీ దగ్గర నికెల్ రిమ్ అనే చోట 1995లో భూగర్భ జలం పారే దారికి అడ్డంగా కందకం తవ్వి, ఆకుల ఎరువు, చెక్క పేళ్లు నింపారు. నీరు ఆ గోడ గుండా పోతూ శుభ్రపడింది. ఇంగ్లండ్‌లో క్వేకింగ్ హౌసెస్ అనే ఊరివాళ్లు తమ వాగు కోసం పట్టుబట్టి, విశ్వవిద్యాలయంవారితో కలిసి 1997లో పశువుల ఎరువుతో చిత్తడి నేల కట్టించుకున్నారు. పెన్సిల్వేనియా బొగ్గు గనుల దగ్గరైతే పుట్టగొడుగుల పెంపకంలో వాడి పారేసిన కంపోస్టును సున్నపురాయి పొర మీద పరచడం 1990ల నుంచి ఉంది. పై పొర నీటిలోని ఆక్సిజన్‌ను తినేస్తుంది, కాబట్టి కింద సున్నపురాయికి తుప్పు పట్టదు. తుప్పు పొర కట్టిన సున్నపురాయి ఉన్నా లేనట్టే.

ఇవన్నీ వ్యవసాయ వ్యర్థాలే కదా, చిగురు గారూ. మీరు వెతికిన కేంద్రాలు ఉన్నాయి. కాకపోతే అక్కడ గడ్డి, ఎరువు చేసే పని వేరు.

కొత్తచిగురు | బుధవారం, మధ్యాహ్నం 2:30

మూడు రోజుల్లో నా ప్రాజెక్టు తలకిందులైంది. కానీ ఎందుకో మొదటిరోజు కంటే ఇప్పుడే ధైర్యంగా ఉంది. ఒక సందేహం: తిండి అయితే గడ్డి ఒక్కటే వేస్తే సరిపోదా? పేడ, చెక్క పేళ్లు అన్నీ ఎందుకు కలుపుతున్నారు?

సూక్ష్మలోకం | బుధవారం, రాత్రి 9:05

సున్నపురాయి గారి సవరణ ఒప్పుకుంటున్నాను. నేను రసాయన లెక్క వేశాను, నీరు నిలవాల్సిన సమయం మరిచాను.

చిగురు గారూ, సల్ఫేట్ బాక్టీరియా గడ్డిని నేరుగా తినలేవు. సెల్యులోజ్‌ను ముందు వేరే జీవులు విడగొట్టాలి, ఇంకొన్ని జీవులు దాన్ని పులియబెట్టి చిన్న ఆమ్లాలుగా, ఆల్కహాల్‌గా మార్చాలి. వాటిని ఇవి తింటాయి. అదొక పంక్తి భోజనం, ముందువాళ్లు వడ్డించకపోతే చివరివాళ్లకు ఆకలే. పేడలో ఈ జీవులన్నీ ఉంటాయి, వెంటనే అందే తిండి కూడా ఉంటుంది. గడ్డి, పిప్పి నెలల తరబడి అందుతాయి. చెక్క పేళ్లు ఏళ్ల తరబడి నెమ్మదిగా అందుతాయి, పడక అణగారిపోకుండా నీటికి దారి కూడా ఉంచుతాయి. ఊకలో సిలికా ఎక్కువ కాబట్టి తిండిగా అది చాలా మొండిది. కానీ దారి ఉంచడానికి బాగుంటుంది. సున్నపురాయి ముక్కలు మొదట్లో ఆమ్లాన్ని తట్టుకోవడానికి కావాలి, ఎందుకంటే పీహెచ్ 5 కంటే కిందికి పోతే ఈ జీవులు చాలావరకు నీరసించిపోతాయి.

పీతల పెంకులు కూడా పరీక్షించి మంచి ఫలితాలు చూశారు. వాటిలో కైటిన్ తిండిగా, సున్నం క్షారంగా రెండూ ఒకేచోట ఉంటాయి. అవి పొలం వ్యర్థం కాదు గానీ చెప్పకుండా ఉండలేకపోయాను.

నాగలి | గురువారం, ఉదయం 5:55

నేను రైతును. ఇక్కడ అందరూ చదువుకున్నవారు, నేను చూసిన సంగతి చెబుతాను.

గడ్డి, ఊక, పిప్పి అన్నిటినీ వ్యర్థం అంటున్నారు. మాకు గడ్డి పశువుల మేత. పిప్పితో మిల్లులో కొలిమి మండుతుంది. పేడ పొలానికి ప్రాణం. నేలలో సత్తువ తగ్గిపోతున్న రోజుల్లో పొలం నుంచి పోయే ప్రతి గంప సేంద్రియ పదార్థానికీ విలువ ఉంది. ఏ మేతా కాని, పొలంలో తగలబెట్టేసే మోడు గడ్డిని తీసుకెళ్లండి, సంతోషిస్తాం. మేతకు పనికొచ్చే గడ్డికి గిరాకీ తెచ్చి పశువుల నోటి దగ్గరిది లాగేయవద్దు. మరో మాట, నీటిని శుభ్రం చేశాక ఆ ఊకను ఎరువుగా పొలాలకు ఇవ్వవచ్చని ఎక్కడో చదివాను. అది నిజమేనా? నాకు భయంగా ఉంది.

మడ్డిలెక్క | గురువారం, ఉదయం 10:40

నాగలి గారూ, మీ భయం న్యాయమైనది. నేను ప్రమాదకర వ్యర్థాల నిర్వహణలో పని చేశాను. నాలుగు రోజులుగా ఈ ప్రశ్న ఎవరు అడుగుతారా అని చూస్తున్నాను.

లోహం పట్టిన ఊకను పొలంలో వేయకూడదు, వేయనివ్వకూడదు. ఊక లోహాన్ని నాశనం చేయదు. సీసం సీసంగానే, కాడ్మియం కాడ్మియంగానే ఉంటాయి. నీటిలో పలచగా ఉన్నదాన్ని ఊకలో చిక్కగా పోగు చేశాం, అంతే. ఊక కుళ్లినప్పుడు, నేల కొంచెం పులిసినప్పుడు అది మళ్లీ విడుదలవుతుంది. పైగా మొక్కలు కాడ్మియాన్ని తేలిగ్గా పీల్చుకుంటాయి.

తగలబెట్టడం గురించి కూడా చెబుతాను, చాలామంది దాన్నే పరిష్కారం అంటారు. కాడ్మియం 767 డిగ్రీల దగ్గర మరుగుతుంది, జింక్ 907 దగ్గర. మామూలు కొలిమిలో కాల్చితే కొంత పొగలో పోతుంది, మిగిలింది బూడిదలో ఇంకా చిక్కబడుతుంది. పొగను సరిగా వడకట్టే ఏర్పాటు ఉన్నచోట తప్ప ఆ పని చేయకూడదు. పలచటి ఆమ్లంతో కడిగి ఊకను మళ్లీ వాడవచ్చంటారు. వాడవచ్చు, కానీ కడిగిన ఆమ్లంలో లోహం ఉంది. అందులోంచి రాగి లాంటి విలువైన లోహాన్ని తిరిగి రాబట్టే ఏర్పాటు ఉంటే అది మంచి దారి. లేకపోతే విషాన్ని ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి పోసినట్టే.

పారవేసే ముందు లోహం ఎంత ఊరుతుందో పరీక్షించాలి. అమెరికాలో వాడే పరీక్షలో ఊరిన నీటిలో సీసం లీటరుకు 5 మిల్లీగ్రాములు, కాడ్మియం 1 మిల్లీగ్రాము చేరితే ఆ వ్యర్థాన్ని ప్రమాదకరంగా లెక్కిస్తారు.

బాక్టీరియా పడకల విషయంలో నా కళ్లతో చూసింది ఒకటి ఉంది. ఒక మూతపడిన గని దగ్గర పడక మూసుకుపోయిందని నీరంతా దించి, లోపలి పదార్థాన్ని తవ్వి గట్టు మీద కుప్ప పోశారు. అడ్డు చెప్పాల్సిన మాలో ఎవరూ చెప్పలేదు. నల్లటి సల్ఫైడ్ కుప్ప ఎండకు ఆరింది, గాలి తగిలింది, వాన పడింది. ఏళ్లపాటు కూర్చోబెట్టిన జింక్, కాడ్మియం ఆమ్లంతో కలిసి మళ్లీ వాగులోకి దిగాయి. పైరైట్ చేసిన పనినే ఆ కుప్ప కూడా చేసింది. సల్ఫైడ్‌ను నీటి కిందే ఉంచాలి. తీయక తప్పకపోతే తడి ఆరకముందే మూసి ఉన్న గుంటలోకి చేర్చాలి. ఆ వాగు ఒడ్డున నిలబడిన రోజు నేను మరిచిపోలేదు.

నాగలి | గురువారం, మధ్యాహ్నం 12:20

వివరంగా చెప్పినందుకు కృతజ్ఞతలు. ఊక బొగ్గు పొలానికి మంచిదని మాకు చెబుతుంటారు. అది వేరు, గని నీటిలో నానింది వేరు అని మా వాళ్లకు చెబుతాను.

గాజుకుప్పె | గురువారం, సాయంత్రం 7:15

అవును, ఆ తేడా అందరికీ తెలియాలి. బొగ్గు గురించి ఒక చేర్పు. తక్కువ వేడిలో చేసిన బయోచార్‌లో (ఊక, గడ్డి లాంటి వాటితో చేసిన బొగ్గులో) లోహాన్ని పట్టే ఆక్సిజన్ సమూహాలు ఎక్కువ మిగులుతాయి. ఎక్కువ వేడిలో చేస్తే రంధ్రాలు, బూడిద క్షారత పెరుగుతాయి. గడ్డి బొగ్గు నీటి పీహెచ్‌ను పైకి లేపి లోహాన్ని దించుతుంది. ఆ ఫలితాన్ని చూసి బొగ్గు పట్టిందనుకోవద్దు, మళ్లీ ఖాళీ సీసా కథే అవుతుంది. బూడిద కడిగేసుకుపోయాక ఆ శక్తి ఉండదు.

సున్నపురాయి | గురువారం, రాత్రి 9:30

జాగ్రత్తలు ఇంకో రెండు. ఈ పడకల్లో హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు పుడుతుంది. మొదట కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. గాఢత పెరిగితే ముక్కు ఆ వాసనను పసిగట్టడం మానేస్తుంది, ప్రాణం పోయేది అప్పుడే. మూసి ఉన్న గొయ్యిలోకి, మ్యాన్‌హోల్‌లోకి పరికరంతో కొలవకుండా ఎవరూ దిగకూడదు. ప్రయోగశాలలో కూడా పొగ గూడు (వాయువులను బయటికి లాగే ఫ్యూమ్ హుడ్) కిందే పని చేయండి.

రెండోది, మాంగనీస్ ఈ పడకలకు లొంగదు. దాని సల్ఫైడ్ తేలిగ్గా కరిగిపోతుంది. దానికి తర్వాత వేరే సున్నపురాయి పడక, గాలి, వెలుతురు కావాలి. అలాగే కొత్త పడక నుంచి మొదటి వారాల్లో వచ్చే నీరు గోధుమ రంగులో, అమ్మోనియాతో, ఆక్సిజన్ లేకుండా ఉంటుంది. నేరుగా వాగులో వదిలితే చేపలు చస్తాయి. గాలి తగిలే చెరువు గుండా పంపాలి. ఇంత చేశాక వచ్చేది కూడా వాగుకు వదలగలిగే నీరే. తాగే నీరని ఎవరికీ చెప్పకండి.

కొత్తచిగురు | శుక్రవారం, ఉదయం 8:00

మా గైడ్‌తో మాట్లాడాను. ప్రాజెక్టు పేరు మారింది. నాలుగు నిలువు గొట్టాలు పెడుతున్నాను. ఒకదానిలో పేడ, గడ్డి, చెక్క పేళ్లు, సున్నపురాయి. రెండోదానిలో గడ్డి బదులు చెరకు పిప్పి. మూడోదానిలో గడ్డి బదులు ఊక. నాలుగోదానిలో ఇసుక, సున్నపురాయి మాత్రమే, అది నా ఖాళీ సీసా. నీటిలో రాగితో పాటు జింక్, ఇనుము, సల్ఫేట్ కూడా కలుపుతాను. అయిపోయాక లోపలి పదార్థాన్ని తడిగానే మూసి, ప్రమాదకర వ్యర్థాలు సేకరించేవారికి అప్పగించేలా ముందే మాట్లాడాను. ఇందులో ఏమైనా తప్పు కనబడితే ఇప్పుడే చెప్పండి.

సూక్ష్మలోకం | శుక్రవారం, ఉదయం 9:10

తప్పు లేదు. రెండు సూచనలు. గొట్టాలు నింపగానే నీరు పారించవద్దు. నింపి, పైన మూసి రెండు వారాలు అలాగే ఉంచండి, జీవులు స్థిరపడాలి. నీటిని కింద నుంచి పైకి పంపితే గాలి బుడగలు చిక్కుకోవు. సల్ఫేట్ ఎంత తగ్గిందో ప్రతివారం కొలవండి. లోహం తగ్గి సల్ఫేట్ తగ్గకపోతే ఆ పని బాక్టీరియాది కాదు, పదార్థం పట్టింది. మొదటి వారాల్లో అలాగే జరుగుతుంది. ఆ రెంటినీ విడదీసి చూపగలిగితే మీ ప్రాజెక్టు నేనూ చదువుతాను.

కొత్తచిగురు | శుక్రవారం, ఉదయం 9:25

తప్పకుండా. గడ్డిని పొడి చేయాలా, రెండు సెంటీమీటర్ల ముక్కలు చాలా?

సున్నపురాయి | శుక్రవారం, ఉదయం 9:50

ముక్కలే చాలు. పొడి చేస్తే నెల తిరగకుండానే దారి మూసుకుపోతుంది. ఆరు వారాల తర్వాత అంకెలు ఇక్కడ పెట్టండి, నాలుగో గొట్టంవి కూడా.